మా ఆయన మింగేసిన ఆహా

మా ఆయన కృష్ణమోహన్‌గారికి పాట రాదు. వాయిద్యం రాదు. స్నానం చేస్తూ కూనిరాగం తీశారంటే పక్కింటి కుక్క మొరుగుతుంది. వినడం మాత్రం వచ్చు. వినడం కూడా ఒక విద్యేనా అని పెళ్ళయిన కొత్తలో తెగ వేళాకోళం చేసేదాన్ని. కాకినాడలో ఎక్కడ కచేరీ జరిగినా ముందు వరసలో, చాప మీద, మఠం వేసుకుని కూర్చునేవారు. తొడ మీద తాళం. పాట ఎక్కడో ఒకచోట పండేసరికి ఆయన గొంతులోంచి "ఆహా!" అని ఒక్క ముక్క. అది విన్న గాయకులు ఆయనవైపే తిరిగి పాడటం నా కళ్ళతో చూశాను.

ఆ ఆహా అంత సులువుగా వచ్చేది కాదు. నా గుత్తివంకాయకి రాలేదు. నా పెళ్ళి పట్టుచీరకి రాలేదు. మొహమాటానికైనా ఒకసారి అనండీ అంటే నవ్వి ఊరుకునేవారు. ఇలాంటి మనిషి 1971లో మూడేళ్ళ కూతుర్నీ నన్నూ వెంటేసుకుని అమెరికాలో అరోరా అనే ఊరు వచ్చి, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అప్పట్లో అక్కడ మనవాళ్ళ గుడి లేదు, సభ లేదు, కచేరీ లేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న క్యాసెట్లే ఆయనకి దిక్కు. అవి అరిగిపోయి, పాడేవాళ్ళందరికీ జలుబు చేసినట్టు వినిపించేవి.

మా రేణు స్కూల్లో వయొలిన్ పుచ్చుకోవడంతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. దాన్ని గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయిస్తుంటే మొదట్లో, "కూర్చోమ్మా, కాళ్ళు నొప్పెడతాయి" అనేవారు పాపం. తర్వాత అలవాటు పడిపోయారు. అది బేస్‌మెంట్‌లో సాధన చేస్తుంటే ఈయన మెట్ల మీద కూర్చుని తాళం వేసేవారు. ఆ సంగీతానికి ఈ తాళం అక్కర్లేదని ఎవరు చెప్పినా గోడకి చెప్పినట్టే. చిన్నపిల్లగా ఉన్నప్పుడు రేణు నాన్న ఆహా అనేదాకా ఒకే వరసని మళ్ళీ మళ్ళీ వాయించేది. అన్నారంటే వయొలిన్ పెట్టెలో పెట్టేసి పైకొచ్చి, "అమ్మా, అయిపోయింది, అన్నం" అనేది.

రేణుకి పద్నాలుగేళ్ళప్పుడు స్కూల్ జిమ్‌లో ఆర్కెస్ట్రా కచేరీ జరిగింది. మడత కుర్చీల్లో ఊరంతా కూర్చుంది. వాళ్ళ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. వాయిస్తున్నంతసేపూ ఊపిరి కూడా మర్యాదగా తీసుకోవాలి. దగ్గొస్తే బయటికి పోవాలి. ఒక భాగం అయిపోయినా చప్పట్లు కొట్టకూడదు, మొత్తం అయ్యేదాకా ఆగాలి. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దంలో మా రేణు వాళ్ళ వరస ఏదో చక్కగా వాయించింది. మా ఆయన తొడ మీద చరిచి, "ఆహా! భేష్!" అన్నారు.

జిమ్ జిమ్మంతా వెనక్కి తిరిగింది. ఎవరి చంటిపిల్లో ఏడుపు లంకించుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మర్నాటికల్లా అది స్కూలంతా దాటింది. కారిడార్‌లో రేణు కనిపిస్తే చాలు, మగపిల్లలు తొడలు చరుచుకుని "ఆహా, ఆహా" అనేవారట. అలా నెలల తరబడి. ఆ పిల్ల ఇంటికొచ్చి నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. దానికన్నా ఆయన మొహం చూస్తే ఎక్కువ జాలేసింది. ఆ రోజు నుంచి రేణు బేస్‌మెంట్ మానేసి తన గదిలో తలుపేసుకుని వాయించుకోవడం మొదలుపెట్టింది. ఈయన బయట హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని వినేవారు. ఆ పేజీ ఎప్పుడూ తిరిగేది కాదు.

రెండేళ్ళు గడిచాక, 1984 ఫిబ్రవరిలో, ఆర్కెస్ట్రా పిల్లల్ని సాల్జ్‌బర్గ్ తీసుకెళ్తామన్నారు. ఆస్ట్రియాలో ఉన్న ఊరు. సంగీతం అక్కడే పుట్టిందన్నట్టు చెప్పుకుంటారు. అక్కడ ఒక పాత చర్చిలో మన పిల్లల కచేరీ. అందులో నెమ్మదిగా సాగే భాగంలో ఒంటరిగా వాయించే ముక్క మా రేణుది. పిల్లల వెంట పెద్దవాళ్ళు కావాలంటే మా ఆయన నా పేరు కూడా కలిపి ఇచ్చేశారు. ఆ రాత్రి భోజనం దగ్గర రేణు కంచంలో చెయ్యి పెట్టకుండా కూర్చుంది.

"నాన్నా, నువ్వు రావచ్చు. బట్ ప్రామిస్ చెయ్యాలి" అంది.

"ఏమనీ?"

"ఏమీ అనకూడదు. ఆహా వద్దు, తాళం వద్దు. జస్ట్ కూర్చోవాలి. ఈసారి అలా చేస్తే, నేను వాయించేదానికి ఇంకెప్పుడూ నువ్వు రావద్దు. ఐ మీన్ ఇట్."

ఆయన ఎడమచెయ్యి దాని చేతిలో వేసి, "సరేనమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఎంత కష్టపడ్డారో ఎదురుగా కూర్చున్న నాకు తెలుసు. పుర్రెలో పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఈయన వల్ల అయ్యే పనేనా అని నా బెంగ నాది. మాట తప్పితే కూతురు వాయించేది ఆయన ఇక జన్మలో ఎదురుగా కూర్చుని వినలేరు. దాని పట్టుదల ఎవరిదో కాదు, నాదే.

సాల్జ్‌బర్గ్‌ని నేను నిజంగా చూశానో కలగన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. బస్సు దిగేసరికి మంచు పడుతోంది. మా అరోరా మంచులా మొహం మీద కొట్టే రకం కాదు. ఎవరో పైన కూర్చుని తీరిగ్గా పిండి జల్లెడ పడుతున్నట్టు రాలుతోంది. కొండ మీద కోట సగం కనిపిస్తోంది, మిగతా సగం మబ్బులో ఉంది. కింద నది పచ్చగా, చప్పుడు లేకుండా పోతోంది. సందుల్లో పాత లాంతర్లు మధ్యాహ్నమే వెలిగించేశారు. ఆ ఊళ్ళో ఎప్పుడో పుట్టిన సంగీతకారుడి బొమ్మ ప్రతి చాక్లెట్ కాగితం మీదా ఉంది. పట్టుచీర కింద ఉన్ని ప్యాంటూ, పైన మోకాళ్ళదాకా కోటూ వేసుకున్న నన్ను చూసి అక్కడి ముసలమ్మలు తలలూపి నవ్వారు. నేనూ ఊపాను. నిద్దట్లో నడుస్తున్నట్టుంది, అడుగు వేస్తే చప్పుడు లేదు.

మా ఆయనకిచ్చిన పని పిల్లల వరసలో అందరికన్నా వెనక నడవడం, వెనకబడ్డవాళ్ళని కలుపుకు రావడం. దొంగకి తాళాలిచ్చినట్టే అయింది. వంతెన మధ్యకి వచ్చేసరికి ఊళ్ళో గంటలు మొదలయ్యాయి. ఒక గుడిలో మొదలైతే ఇంకో గుడి అందుకుంది, దాన్ని మూడోది అందుకుంది. మంచులో ఆ మోతలన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగి నది మీద తేలుతున్నాయి. ఆయన వంతెన కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పిల్లలంతా ముందుకెళ్ళిపోయారు. నేను వెనక్కొచ్చి కోటు పట్టుకుని లాగాల్సొచ్చింది.

"వసూ, గంటలు శ్రుతి చేసుకుంటున్నాయే" అన్నారు.

"ముందు మీరు నడవండి, తర్వాత అవి చేసుకుంటాయి" అన్నాను.

కచేరీ మర్నాడు సాయంత్రం. చర్చిలో చలి ఎంతుందంటే నోరు తెరిస్తే పొగ. గోడలు తెల్లగా, పైకప్పు మబ్బుల్లో ఉన్నంత ఎత్తుగా ఉంది. పొద్దున్న రిహార్సల్‌లో ఆర్కెస్ట్రా మాస్టారు పిల్లలకి చెప్పింది ఒక్కటే. ఇక్కడ తొందర పడకండి, మీరు ఆపేశాక కూడా నాదం పైకి వెళ్ళి, తిరిగి, కిందికొస్తుంది, అది వచ్చేదాకా ఆగండి అని. మాకు మూడో వరసలో, పక్కగా చోటు దొరికింది. చుట్టూ బొచ్చుటోపీల ముసలివాళ్ళు, ఒళ్ళో చేతులు పెట్టుకుని, చెక్కబొమ్మల్లా ఉన్నారు. మా ఆయన చేతులకి దళసరి గ్లౌజులు తొడుక్కుని, ఆ చేతుల్ని తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నారు. మఫ్లర్ ముక్కుదాకా చుట్టుకున్నారు. అవసరమైతే గిల్లుదామని నేను సిద్ధంగా ఉన్నాను.

నెమ్మది భాగం మొదలైంది. మిగతా వాయిద్యాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. రేణు లేచి నిలబడింది. నల్ల గౌనులో అది నా కూతుర్లా లేదు. ఏదో ఊళ్ళో, ఏదో కాలంలో ఒక అమ్మాయి నిలబడినట్టుంది. కమాను తీగని తాకింది. నాకు సంగీతం అంతంతమాత్రం. అయినా ఆ సన్నటి నాదం ఆ తెల్లటి గోడల మధ్య పైకి పోతుంటే, మంచు బయట రాలడం కాదు, తలకిందులుగా పైకి లేస్తోందనిపించింది. కాకినాడా లేదు, అరోరా లేదు. కాసేపు ఎక్కడున్నానో కూడా మర్చిపోయాను.

పాట పైకి, ఇంకా పైకి వెళ్ళి ఒక స్వరం మీద నిలబడింది. మిగతా అందరూ ఆగారు. అది ఒక్కతే. అక్కడ నా పక్కనున్న మనిషి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. చూస్తే మఫ్లర్‌ని పళ్ళతో గట్టిగా కొరికి పట్టుకున్నారు. మెడ నరాలు తేలాయి. కళ్ళనిండా నీళ్ళు. గిల్లాల్సిన అవసరం నాకు రాలేదు.

ఆ స్వరం ఇంకా అక్కడే నిలబడి ఉంది. పొద్దున్న ఇంతసేపు లేదే అనుకున్నాను. మాస్టారి చేతిలో కర్ర గాల్లోనే ఉండిపోయింది. ఆయన రేణువైపు చూశారు. పక్కనున్న పిల్లలు చూశారు. మర్చిపోయిందా భగవంతుడా! అప్పుడు రేణు ఊపిరి పీల్చుకుని మిగతా నాలుగు ముక్కలూ గబగబా దిగి వాయించేసి కూర్చుంది. చివర్లో చప్పట్లు బాగానే కొట్టారు. బొచ్చుటోపీలు లేచి నిలబడ్డాయి కూడా. మా ఆయన గెలిచిన మల్లయోధుడిలా నావైపు చూశారు. చూశావా, మాట నిలబెట్టుకున్నాను అని ఆ చూపు.

బయటికొచ్చాం. మంచు పడుతూనే ఉంది, లాంతర్ల చుట్టూ పచ్చగా తిరుగుతోంది. పిల్లలు కేరింతలు కొడుతూ బస్సువైపు పోతున్నారు. రేణు ఒక్కతే మెట్లు దిగి, పెట్టె భుజాన వేసుకుని, మా దగ్గరికొచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"నాన్నా, బాలేదా?" అంది.

"అదేంటమ్మా! ఎవరన్నారు?"

"నీకు నచ్చలేదు."

"నచ్చకపోవడమా! వచ్చిందమ్మా, గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఒట్టు. కావాలంటే అమ్మనడుగు" అన్నారు. పాపం, చదువు అప్పజెప్పే పిల్లాడిలా గబగబా చెప్పారు.

"నేను ఆగాను నాన్నా. అక్కడ, ఆ టాప్ నోట్ దగ్గర. నువ్వు అంటావని ఆగాను. కరెక్ట్‌గా వచ్చిందో లేదో నాకు తెలీలేదు. అందరూ సైలెంట్‌గా ఉన్నారు. నువ్వు కూడా."

చిన్నప్పట్నుంచి ఆ పిల్ల చెవిలో చివరి స్వరం ఈయన గొంతే. అది రెండేళ్ళు తలుపేసుకుని వాయించిందే గానీ, ఒక్కరోజైనా ఒంటరిగా వాయించలేదని నాకు అప్పుడు అర్థమైంది.

"నువ్వే కదమ్మా వద్దన్నావు" అన్నారు చివరికి, నెమ్మదిగా.

రేణు ఏడ్చేసింది. పదహారేళ్ళది, స్కూలు పిల్లలంతా బస్సు కిటికీల్లోంచి చూస్తుండగా, మంచులో నిలబడి చంటిపిల్లలా ఏడ్చింది.

"నేను వద్దంటే మాత్రం మానేస్తావా?" అంది.

ఆయన గ్లౌజులు పీకి పారేసి దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆయనా ఏడుస్తున్నారు. మాస్టారు బస్సెక్కమని కేకలేస్తున్నా ముగ్గురం చాలాసేపు అక్కడే నిలబడిపోయాం.