అమ్మ రీప్లేస్ ఆల్ నొక్కిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గని సైరన్ మోగగానే ఇరుగుపొరుగు వాళ్ళు గూట్లో గాజు సామాను సర్దుకునేవారు. మా అమ్మ మాత్రం కంప్యూటర్లో కంట్రోల్ ఎస్ నొక్కి సేవ్ చేసేది. బ్లాస్టింగ్‌కి ఇల్లు అదిరి కరెంటు పోయిందంటే, పొద్దుటి నుంచి టైపు చేసిందంతా గంగలో కలిసినట్టే మరి!

ముందు గదిలోనే అమ్మ డీటీపీ సెంటర్... పెళ్ళి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు. తప్పులు దిద్దడం కూడా తనే. బడి నుంచి రాగానే పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. కంట్రోల్ ఎఫ్ నొక్కితే ఏ మాటైనా ఎక్కడుందో దొరికిపోతుందని నేర్పింది. నాకదంతా గారడీలా ఉండేది.

ఆ ఏడాది అమ్మ పుట్టిన ఊరు రేగుపల్లి ఓపెన్‌కాస్టు కింద పోయింది. అందరినీ పునరావాస కాలనీకి పంపారు. ఊరు పోయినా ఊరి ముచ్చట్లయినా మిగలాలని, పెద్దవాళ్ళు చెప్పినవన్నీ అమ్మ రాసుకొచ్చి పుస్తకంగా కూర్చింది. అంత ఇష్టంగా అమ్మ మరే పనీ చేయగా నేను చూడలేదు. అందులో మా అమ్మమ్మ చెప్పినవీ ఉన్నాయి.

దిద్దడమంతా అయిపోయాక ఆ ఊరి పెద్ద పోచయ్య వచ్చాడు.

"బిడ్డా, అందరి పేర్ల కింద అడ్రస్ కాడ రేగుపల్లి అని పెట్టినవ్. ఊరే లేకపాయె... రేపు ఉత్తరం రావాలన్నా కాలనీ పేరే ఉండాలె గదా. జెర జల్ది మార్చు, ప్రెస్సుకు పోవాలె."

"గదెంతసేపు కాక! నువ్వు చాయ్ తాగేలోపు అయిపోతది" అంది అమ్మ.

కంట్రోల్ హెచ్... పై గడిలో రేగుపల్లి, కింది గడిలో పునరావాస కాలనీ... రీప్లేస్ ఆల్! క్షణంలో అయిపోయింది. సేవ్ చేసి, సీడీలోకి ఎక్కించి పోచయ్య చేతిలో పెట్టింది. ఎంత మురిసిపోయిందో...

కాలనీలో పుస్తకాలు పంచిన రోజు, చదువు రాని మా అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "నాది చదువు బిడ్డా" అంది. చదివాను.

'నేను పెళ్ళై ఎడ్ల బండిలో పునరావాస కాలనీకి వచ్చాను. పునరావాస కాలనీ వాగు నీళ్ళు తియ్యగా ఉండేవి...'

"ఏందీ? మళ్ల చదువు" అంది. మళ్ళీ అదే చదివాను. "గీ రేకుల ఇండ్లకా నేను పెండ్లై వచ్చింది?"

అమ్మ గబగబా పేజీలు తిప్పింది. బొడ్రాయి, పీరీల పండుగ, బతుకమ్మ ఆడిన వాకిలి... అన్నీ పునరావాస కాలనీలోనే! వేరే చోట వేయించిన అట్ట మీద తప్ప, లోపల ఒక్కచోటా రేగుపల్లి లేదు. అడ్రసులతో పాటు అందరి జ్ఞాపకాల్లోనూ ఊరు మారిపోయింది.

"నా చేతులతోనే చేసిన్నే అవ్వా... ఇప్పుడెట్ల?" అని అమ్మ ఏడ్చేసింది.

అమ్మమ్మ తిట్టినా బాగుండేది. "ఏడ్వకు బిడ్డా... ఇగ గదే మన ఊరు అంటున్నరు గదా అందరు" అంది.

అమ్మ పెన్ను పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. కొన్ని పుస్తకాలు దిద్దగలిగింది. కొన్ని అప్పటికే చుట్టాల చేతుల్లో ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. ఏం చేయగలదు పాపం...

ఇప్పుడు నాదీ పుస్తకాలు దిద్దే పనే. రీప్లేస్ ఆల్ జోలికి పోను. ఫైండ్ నెక్స్ట్ నొక్కుతూ, ముందూ వెనకా చదువుకుంటూ ఒక్కొక్కటే మారుస్తాను. ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటారు... నవ్వుకోనీ.

మొన్న మా పాప ఫోన్‌లో మ్యాపు తెరిచి రేగుపల్లి కోసం వెతికింది. ఆ చోట పెద్ద గుంత ఉంది, పేరు లేదు. ఆధార్‌లో, ఓటరు కార్డులో, బడి సర్టిఫికెట్లలో... ఎక్కడ చూసినా పునరావాస కాలనీయే. అమ్మ ఆ మధ్యాహ్నం పొరపాటున చేసిన పనిని లోకం తీరిగ్గా, తెలిసే పూర్తి చేసింది. ఈసారి పెన్ను పట్టుకుని ఎవరింటికి వెళ్ళాలో నాకు తెలియడం లేదు...

మీకూ అలా పోయిన ఊరేదైనా ఉంటే, మీరు పిలుచుకున్నట్టే దాని పేరు కింద రాయండి. చదవడానికి నేనున్నాను.