గడ్డం మీది దొంగ మచ్చ

నా చిన్నప్పుడు మనిషిని గుర్తుపట్టడానికి సర్కారుకు పుట్టుమచ్చలే దిక్కు. వేలు పెట్టు, కన్ను తెరువు అనే ఇప్పటి మిషన్లు అప్పుడెక్కడివి? ఏడో తరగతి పెద్ద పరీక్షకు ఇచ్చే హాల్ టికెట్ మీద ఫోటో కూడా ఉండేది కాదు. పేరు కింద రెండు పుట్టుమచ్చలు రాసేవాళ్లు. గేటు దగ్గర సారు వాటిని చూసి లోపలికి పంపేవాడు. ఆ మచ్చల పుణ్యమా అని మా మేనమామ ఎలాంటివాడో నాకు తెలిసింది.

మాది ఆసిఫాబాద్ దగ్గర పల్లె. మా బడి ఏడుతోనే ఆఖరు. నేను మంచి మార్కులతో ఏడు పాసై ఏడాదిగా ఇంట్లో కూర్చున్నాను. ఆడపిల్లకు ఆ చదువు చాలని బాపు తేల్చేశాడు. నాకేమో చదువు పిచ్చి. శనగలు కట్టిన పొట్లం కాగితం కూడా విప్పి చదివేదాన్ని. నా గోడు వినేది ఒక్క మామే. కాగజ్‌నగర్‌లో ఆయనకు ఉద్యోగం. వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని, నేను చదివిన కథలు నాతోనే చెప్పించుకునేవాడు. ఆయనంటే నాకు ప్రాణం.

ఆ ఎండాకాలం మామ ఒక మాట తెచ్చాడు. ఆయన కూతురు నాకంటే ఏడాది చిన్న, ఏడు చదువుతోంది. పరీక్ష అంటే చాలు, దానికి చెమటలు పట్టి చేతులు వణికేవి. దాని బదులు నేను రాయాలట.

"జర నువ్వు రాసిపెట్టు కోడలా. జూన్ల మా ఇంట్లనే ఉండి హైస్కూలుకు పోదువు. మీ బాపును నేను ఒప్పిస్త," అన్నాడు.

అది తప్పని నాకు తెలియకపోలేదు. హైస్కూలు అన్న మాట దగ్గరే పడిపోయాను. మామ వెంట కాగజ్‌నగర్ పోయాను.

ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే చాయ. దాని గడ్డం మీద మినపగింజంత మచ్చ ఉంది, నాకు లేదు. రెండో మచ్చ మెడ వెనక, జడ కింద. దాన్నెవరూ ఎత్తి చూడరు. కాటుక పెడితే చెమటకు కారిపోతుందని, ఉతికే బట్టలకు గుర్తు పెట్టే జీడిగింజ తెచ్చాడు మామ. సూదిమొనతో దాని రసం నా గడ్డం మీద చుక్క పెట్టాడు. చుర్రుమంది. "గంతే, అయిపాయె," అని ప్రేమగా ఊదాడు. అద్దంలో చూసుకుంటే అచ్చం మరదలి మచ్చే! నేనూ అదీ పగలబడి నవ్వాం.

రెండు రోజులు దర్జాగా రాసి వచ్చాను. జీడి ఊరుకుంటుందా? మూడో రోజు పొద్దున లేచేసరికి గడ్డం బూరెలా ఉబ్బి, బొబ్బ లేచి నీరు కారుతోంది. తల దించుకుని పొమ్మన్నాడు మామ. గేటు దగ్గర సారు నా తల పైకెత్తాడు. పుట్టుమచ్చ ఉన్నట్టుండి వాయదని ఆయనకు తెలియదా!

"ఎవలు నువ్వు? ఎవలు తోలుకొచ్చిండ్రు నిన్ను?"

గేటు అవతల నిలబడ్డ మామ వైపు చెయ్యి చూపించాను. సారు ఆయన్ని పిలిచి, ఈ పిల్ల ఎవరని అడిగాడు. మామ నన్ను ఎగాదిగా చూశాడు. నిజంగానే పోల్చుకోలేకపోతున్నట్టు చూశాడు.

"ఏమో సార్, నాకు తెల్వది. మా బిడ్డ హాల్ టికెట్ పొద్దుగాల సంది కనవడ్తలేదు. గీ పిల్లకు ఎట్ల దొరికిందో!"

"మామా!" అని అరిచాను. మా దిక్కు పిల్లలు కనిపించిన ప్రతి పెద్దమనిషినీ మామా అనే పిలుస్తారు. సారు ఆ పిలుపును లెక్కే చెయ్యలేదు. దొంగ పోరి అని తిట్టి, టికెట్ లాక్కుని, నన్ను రోడ్డు మీదికి నెట్టాడు. మామ నా వెంట రాలేదు. బస్టాండు దాకా ఏడ్చుకుంటూ నడిచాను. అక్కడ మా ఊరావిడ ఒకామె కనిపించి ఇల్లు చేర్చింది.

వారం తర్వాత మిఠాయి పొట్లంతో మామ మా ఇంటికొచ్చాడు. "నా నౌకరి పోతుండె అక్కా, ఏం జెయ్యాలె," అన్నాడు. నన్ను కన్న అవ్వ తమ్ముడికి కడుపు నిండా అన్నం పెట్టింది. నువ్వెందుకు చెయ్యి చూపినవే అని నన్నే తిట్టింది. జూన్ వచ్చింది, పోయింది. హైస్కూలు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒళ్లు మండిపోయింది నాకు. ఇప్పటికీ మండుతూనే ఉంటుంది.

ఆ బొబ్బ మానింది గానీ మచ్చ పోలేదు. ఇప్పుడు పింఛన్ కోసం పోతే నా అరిగిన వేళ్లను మిషన్ ఒక పట్టాన ఒప్పుకోదు. "ఇంకోసారి వెట్టు అవ్వా, గుర్తు వడ్తలేదు," అని అక్కడి పిల్ల విసుక్కుంటుంది. వెంట వచ్చిన మా కోడలికి ఎక్కడలేని కోపం వస్తుంది. నాకు రాదు. పాపం, ఆ మిషన్‌కు నేనెవరో నిజంగానే తెలియదు. మా మామకు తెలుసు.