ఉండిపొమ్మని పెట్టిన పేరు

స్తోయ్నా అంటే బల్గేరియాలోని ఒక కొండపల్లెలో "ఉండిపో" అని అర్థం. ముందు పుట్టిన ఆడపిల్లలంతా ఏడాది నిండకుండానే పోవడంతో ఒక తల్లి తర్వాత పుట్టిన పిల్లకు ఆ పేరు పెట్టింది. పిల్ల బతికి బట్టకట్టింది. ఇక బిడ్డలు దక్కని ఇళ్ళవాళ్ళంతా పసికందును ఆమె ఒళ్ళో పడుకోబెట్టి అదే పేరు పెట్టుకున్నారు. వీధిలో ఆ పేరు పిలిస్తే నాలుగు గుమ్మాల్లోంచి పలికేవారు.

భర్త పోయాడు, కొడుకులూ పోయారు. ఆమె మాత్రం ఉండిపోయింది. చివరికి మంచం పట్టి, గుటక దిగకపోయినా ప్రాణం పోలేదు.

"స్తోయ్నవ్వా, కాస్త పెరుగునీళ్ళు తాగవే," అంది ఒక మధ్యాహ్నం పక్కింటామె. ఆమె పేరూ స్తోయ్నాయే.

ఆగబోయిన ఊపిరిని అవ్వ మళ్ళీ అందుకుంది. "అలా పిలవకే తల్లీ! పిలిచినప్పుడల్లా ఎవరో వెనక్కి లాగుతున్నారు."

"మరేమని పిలవను?"

"చచ్చిపోయిన మా పెద్దక్క పేరు కలీనా. అలా పిలువు."

పక్కింటామె తటపటాయించి, వంగి, "కలీనా" అంది.

వాకిట్లోంచి ఒక పసిగొంతు "ఆఁ" అని పలికింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మంచంవైపు మళ్ళేసరికి అవ్వ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఊళ్ళో పుట్టిన ఏ ఆడపిల్లకూ స్తోయ్నా అని పేరు పెట్టలేదు.