జయరాజు కారులో చల్లగాలి

గద్వాలలో జయరాజు కారు ఎక్కినవాళ్లెవరూ చెమటతో దిగలేదు. అది ఆయన పట్టుదల. పుణెలో ఏళ్ల తరబడి టిప్పరు నడిపిన మనిషి. ఇంజిన్ వేడి కాళ్ల దగ్గర, ఎండ నెత్తి మీద. సాయంత్రం చొక్కా పిండితే నీళ్లు కారేవి. ఎప్పటికైనా సొంత బండి కొంటే అందులో కూర్చున్నవాళ్లకు ఉక్క అనేదే తెలియనివ్వనని అప్పుడే అనుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి, పాతదే అయినా తళతళలాడే డీజిల్ కారు కొన్నాక ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఏసీ సరిపోదన్నట్టు ముందొక బుల్లి ఫ్యాను, వెనకొక బుల్లి ఫ్యాను. అందరి ఫోన్లకూ ఛార్జింగ్ తీగలు. వెనక సీటు కింద బియ్యం డబ్బా అంత స్పీకరు. అద్దం చుట్టూ రంగురంగుల లైట్లు, అవి పట్టపగలు కూడా మిణుకుమంటూనే ఉండేవి.

"ఇది కారా, పెండ్లి పందిరా?" అని భార్య కాంతమ్మ దెప్పేది. దెప్పుతూనే, ఆదివారం చర్చికి పోయేటప్పుడు ఫ్యానుకు ఎదురుగా సర్దుకుని కూర్చునేది.

ఆ కారుకు రోజూ ఒకటే పని. పొద్దున గద్వాలలో ఇద్దరిని ఎక్కించుకుని ఇటిక్యాలకు తీసుకుపోవడం, సాయంత్రం దాకా అక్కడే ఉండి వెనక్కి తీసుకురావడం. ఒకరు వ్యవసాయ ఆఫీసులో పనిచేసే నిరంజన్ సారు, ఇంకొకరు దవాఖానలో నర్సు మానస. బండి జయరాజుది, నడిపేదీ ఆయనే, డీజిల్ పోయించేది వాళ్లు. సోమవారం ట్యాంకు నిండా పోయిస్తే మళ్లీ సోమవారం దాకా దిగులుండేది కాదు. ఎండలు ముదిరాక మాత్రం వారం సగంలోనే డీజిల్ ముల్లు కిందికి వాలడం మొదలైంది.

ఓ సోమవారం పొద్దున బంకు దగ్గర నిరంజన్ సారు నోరు విప్పాడు.

"జయరాజూ, రోడ్డు అదే, బండి అదే, ఎక్కేటోళ్లం మేమే. మరి డీజిల్ ఏడికి పోతుంది?"

"తెల్వదు సారూ."

"నీకే తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది? ఈ వారం చూస్తం. గిట్లనే అయితే వచ్చే సోమవారం నుంచి వేరే బండి మాట్లాడుకుంటం."

ఎప్పుడూ గలగలా మాట్లాడే మానస ఆ పూట కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జయరాజుకు అదే ఎక్కువ గుచ్చుకుంది. దొంగ అని ఎవరూ అనలేదు. అనకపోయినా ఆ మాట కారంతా నిండిపోయింది. కిరాయి పోతే ఇంకోటి దొరుకుతుంది. డీజిల్ అమ్ముకున్నాడని గద్వాలలో పేరు పడితే ఆ పేరు ఎక్కడ కడుక్కోవాలి?

సాయంత్రం ఇంటికి పోయి కాంతమ్మకు చెప్పాడు. ఆమె వెంటనే, "బండి కింద జూసినవా? కారుతుందేమో!" అంది. నిజమే కదా అని జయరాజు ఏసీ వేసి, బండి కింద పాత పంచె పరిచి చూశాడు. కాసేపటికి పంచె మీద తడి! "దొరికిందే కాంతా!" అని సంబరంగా వేలితో అద్ది వాసన చూశాడు. వాసన లేదు. నాలుక మీద పెట్టుకున్నాడు. మంచినీళ్లు. ఏసీ కార్చే నీళ్లు.

"ఇంకా నయం, గిలాస వట్టి తాగలేదు," అని కాంతమ్మ పకపకా నవ్వి, కొంగు దోపుకుంది. "రేపు నేనొస్త. బండిని ఇడిచిపెట్టకుండ పొద్దుగూకేదాక కూసుంట. ఎవడు తీస్తుండో నేను జూస్త."

అన్నట్టే మర్నాడు వచ్చింది. ఇటిక్యాలలో కారు ఎప్పటిలాగే వేపచెట్టు కింద ఆగింది. మధ్యాహ్నం కాగానే ఎదురింటి సుభద్రమ్మ మోకాలు పట్టుకుంటూ వచ్చి, సొంత గది తలుపు తీసినట్టు కారు తలుపు తీసి కూర్చుంది. ఉపాధి పని నుంచి వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా ఎక్కారు.

"జయరాజూ, జర గాలి ఇడువు బిడ్డా, పానం వోతుంది."

జయరాజు ఇంజిన్ తిప్పాడు. ఏసీ, ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, పాటలు అన్నీ ఒక్కసారే లేచాయి. కాపలాకని వచ్చిన కాంతమ్మ ఆ చల్లదనానికి గురకపెట్టి నిద్రపోయింది. లేచేసరికి సుభద్రమ్మ కునుకుతోంది, కారు ఇంకా గురగురమంటూనే ఉంది. కాంతమ్మ దిగి వెనక్కి పోతే పొగగొట్టం నుంచి వేడి గాలి కాళ్లకు తగిలింది.

"ఓయ్, దినాం గిట్లనేనా?"

"అవును. ఎండకు తట్టుకోలేని పెద్దమనిషి..."

"మరి డీజిల్?"

"చక్రం తిరుగుతలేదు గద! ఆగిన బండి ఎంత తాగుతది, గుక్కెడు."

టిప్పరు రోజుల నుంచీ ఆయన లెక్క అదే. అక్కడ మేస్త్రీ ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంత డీజిల్ అని రాసుకునేవాడు. ఆగిన బండిని ఎవరూ లెక్క కట్టలేదు.

"పొయ్యి మీద గిన్నె లేకుంటే గ్యాసు అయిపోదా? మంట మండుతనే ఉంటది గద!" అంది కాంతమ్మ. "చక్రం తిరగకున్నా గీ చల్లగాలిని ఎవరు తయారు జేస్తుండ్రు?"

"ఇంజినే తిప్పుతది. ఫ్యాన్లకు, లైట్లకు బ్యాటరీ ఉన్నది."

"బ్యాటరీకి ఎవరు తినవెడ్తుండ్రు?"

బ్యాటరీని నింపేదీ ఇంజినే. జయరాజు ఏసీ మీట నొక్కి, ఆపి, మళ్లీ నొక్కాడు. నొక్కినప్పుడల్లా, బండి మీద ఇంకో బస్తా వేసినప్పుడు ఎద్దు రొప్పినట్టు ఇంజిన్ గొంతు బరువెక్కుతోంది. రోజూ వింటున్న చప్పుడే.

మర్నాడు మధ్యాహ్నం సుభద్రమ్మ, ఇంజిన్ ఆపి ఉన్న కారు తలుపు తీసి, "అబ్బో! నీ కారుకు జరమొచ్చిందా?" అని వెనక్కి జరిగింది.

జయరాజు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఓరి పిచ్చోడా! మేము ఊకె వస్తదనుకున్నం, నువ్వు మాకోసం దొంగతనం నింద మోస్తున్నవా?" అని సుభద్రమ్మ నొసలు కొట్టుకుంది. ఉపాధి పని ఆడవాళ్లను కేకేసి, తన ఇంట్లోంచి మంచం తెప్పించి వేపచెట్టు కింద వేయించింది. "గాలి ఈడ తక్కువైతే ఇసనకర్రతో విసురుకుందం. నువ్వు సుత కూసో." ఆ మధ్యాహ్నం ఏసీలో ఎన్నడూ సాగనన్ని ముచ్చట్లు సాగాయి.

శనివారం సాయంత్రం గద్వాల బంకు దగ్గర జయరాజు కారు ఆపి, ముల్లు చూపించాడు. ఎండలు ముదిరాక ఎన్నడూ లేనిది, ఆ రోజుకు ఇంకా నిలిచి ఉంది.

"దొంగ దొరికిండు సారూ. నేనే." జరిగిందంతా చెప్పాడు. పంచె మీది నీళ్లు నాకిన సంగతి కూడా దాచలేదు.

ముందు మానస నవ్వింది, నవ్వలేక కళ్లు తుడుచుకుంది. "నువ్వొక్కనివే కాదన్నా. పొద్దున నేను టిఫిన్ డబ్బా కట్టుకునేదాక నా గేటు ముంగట ఏసీ ఏసుకోని నిలబడ్తవ్. అది సుత మనం తాగిచ్చిందే. సోమవారం నుంచి నేనే రోడ్డు మీదికొస్త."

నిరంజన్ సారు ఫోను తీశాడు.

"ఆఁ, నేను నిరంజన్‌ను. నిన్న మాట్లాడిన గద బండి గురించి... వద్దులే. లేదు లేదు, ఇంకోటి చూసుకోలేదు. మా బండి మాకుంది."

జయరాజు గబగబా సీట్లో కూర్చుని తాళం తిప్పాడు, సారుకు తన ముఖం కనపడకుండా.

"ఏసీ ఏయవా?" అన్నాడు నిరంజన్ సారు.

"అద్దాలు దించుండ్రి సారూ, ముందుగాల మనం ఆగినంతసేపు ఎండల కాగిన గాలి పోనీయండ్రి. రోడ్డెక్కి వేగం అందుకున్నంక ఏస్త."

సారు అద్దం దించాడు. వేడిగాలి ఒక్కసారిగా ముఖాన కొట్టి, దువ్వుకున్న జుట్టంతా లేపింది. "ఇగో జయరాజూ, ఇంత పొదుపు చేయమన్ననా నిన్ను!" అని ఆయన అరుస్తుంటే ముగ్గురూ నవ్వుతూ బంకు దాటారు.