రేగులవాడిలో నలభై మూడు మంది మాయం

పోచన్న రేగులవాడి కోత్వాల్, అంటే సర్కారు కబుర్లు ఊరికి చాటే నౌకరు. ఆయన కుండల్‌వాడి సంతలో నిలబడి చాటింపు వేస్తే ఆమడల దూరంలోని మాహూర్ కొండమీద కోతులు చెవులు మూసుకునేవంటారు. నమ్మకపోతే మానండి. అంత గొంతున్న మనిషి పదేళ్లుగా ఒక్క మాట మాత్రం ఏ అధికారి చెవికీ ఎక్కించలేకపోయాడు: మా ఊరికి సొంత పంచాయతి కావాలి.

రేగులవాడి వాగవతలి పెద్ద ఊరి పంచాయతి కింద ఉండేది. బావి మంజూరైతే అక్కడే తవ్వుతారు, దీపస్తంభం వస్తే అక్కడే పాతుతారు. ఇక్కడి ఆడవాళ్లేమో ఎండాకాలమంతా వాగు ఇసుకలో చెలిమలు తవ్వి నీళ్లు తోడుకోవాలి. పోచన్న పోరు పడలేక తాలూకా కచేరి గుమాస్తా ఒకరోజు విసుక్కున్నాడు. "జనగణనల ఐదువందలు ఎక్కనియ్యి, అప్పుడు రా పో!"

1971లో జనగణన రానే వచ్చింది. పోచన్న ముందుగానే గడపగడపకూ తిరిగి లెక్కేసుకున్నాడు. ఐదువందల ముప్ఫై ఒకటి! ఆ వారమంతా ఆయన కాలు నేలమీద ఆనలేదు.

జ్ఞానేశ్వర్ గురూజీ అనే బడిపంతులు వచ్చి మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి రాశాడు. కూడితే నాలుగువందల ఎనభై ఎనిమిది.

పోచన్న మళ్లీ కూడించాడు, అదే వచ్చింది. మిగతా నలభై మూడు మందినీ వాగు మింగిందా? గురూజీ ఒక్కో కాగితం చదివి వినిపిస్తుంటే అర్థమైంది. నలభై మూడు ఇళ్లలో తల్లులు తలా ఒక పిల్లను దాచేశారు. కన్నపిల్లలను పరాయివాడి ముందు లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఆ ఊరి భయం. పైఊరివాళ్లు ఎవరడిగినా ఒకరిని తగ్గించే చెబుతారు. ఇది పోచన్నకు తెలియక కాదు, సర్కారు కాగితానికి కూడా అదే లెక్క చెబుతారనుకోలేదు. తన ఇంటి కాగితంలోనూ నలుగురికి ముగ్గురే ఉన్నారని విన్నప్పుడు మాత్రం దగ్గి ఊరుకున్నాడు.

"ఇంటోళ్లు చెప్పిందే రాయాలె. నీ మాట మీద రాస్తే నా నౌకరి పోతది," అన్నాడు గురూజీ. "రేపు పొద్దుగాల మల్లొక్కసారి అడుగుత. గంతే."

తెల్లారి పోచన్న చిన్న బిడ్డ గోదావరిని భుజాన వేసుకుని, ఆడవాళ్లందరినీ చావడి ముందుకు పిలిచాడు.

"కాశీబాయీ, నీకు ఐదుగురు గదనే! నాలుగని ఎందుకు రాయించినవ్?"

"మెల్లగ అను మామా! నీ నోట్ల మన్నువడ!"

"బావి అస్తదే, పిచ్చిదానా!"

"నీ బావి కోసం నా పిల్లను దిష్టికియ్యాల్నా?"

ముసలి సుందరబాయి ముందుకు వచ్చింది. "గట్లయితే మొదలు నువ్వే చెప్పు బిడ్డా. నీకెందరో సార్ ముందట గట్టిగ అను. నీ ఎనకనే మేమంత చెప్తం."

అందరూ సరేనన్నారు. గురూజీ కలం తీశాడు.

పోచన్న నోరు తెరిచాడు. ఎదురుగా భార్య అనుసూయాబాయి రెప్ప వేయకుండా చూస్తోంది. గోదావరి కంటే ముందు ఇద్దరు పాకే వయసులోనే జ్వరమొచ్చి పోయారు. ఇది రేణుకమ్మకు మొక్కితే దక్కిన పిల్ల. పోచన్న జుట్టు పట్టుకుని గుంజుతూ అది కిలకిలా నవ్వుతోంది. కొండమీది కోతులను బెదరగొట్టిన ఆ గొంతు, చెవి ఒగ్గితే తప్ప వినపడనంత చిన్నదైపోయింది.

"ముగ్గురు."

"మరి భుజం మీదున్నదెవరు?"

"మా బామ్మర్ది బిడ్డ, సార్. నిన్ననే అచ్చింది."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. గురూజీ కాగితాలు సంచిలో వేసుకుని బస్సుకు నడిచాడు.

"ఇంకో పదేండ్లు చెలిమలే గద," అంటూ అనుసూయాబాయి పిల్లనందుకుని, ఖాళీ బిందె మొగుడి చేతిలో పెట్టింది. "నడువ్. ఇయ్యాల నువ్వే తోడు."