పొద్దున మాత్రమే చెడిపోయే యాంటెన్నా

ఈ మధ్య నేను చేసిన ఘనకార్యం వింటే, మీ ఇంట్లో ఫ్యాన్ కూడా నా చేత రిపేరు చేయించుకోరు!

కోడుమూరులో నాది మోటర్ వైండింగ్ షాపు. హ్యామ్ రేడియో నా పిచ్చి. లైసెన్సు తీసుకుని, మిద్దెమీద యాంటెన్నా కట్టుకుని, దూరపు ఊర్ల మనుషులతో మాట్లాడుకునే పిచ్చి. రోజూ పొద్దున ఆరున్నరకు కమలాపురంలో ఉండే ఓబులేసు సారుతో ముచ్చట్లు ఉండాల్సిందే. రిటైరైన లెక్కల అయ్యవారు. ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. పేపర్ చదవకూడదు, టీవీ చూడకూడదు. పాపం, ఆ అరగంటే ఆయనకు కాలక్షేపం.

ఒకరోజు ఆయన, "ఏమప్పా, నీ గొంతు బావిలో నుంచి వస్తాండాది" అన్నాడు. నాకు చుర్రుమంది. "ఆపరేషన్ కండ్లకు కాదు సార్, చెవులకు చేయించాల్సింది!" అనేశా.

మర్నాటి నుంచి ఆయన పిలుస్తుంటే నాకు వినిపిస్తుంది, నా జవాబు మాత్రం ఆయనకు చేరదు. "ఉండావాప్పా? కోపమొచ్చినాదా?" అంటాడు. నేనిక్కడ "ఉండా సార్, ఉండా!" అని అరుస్తా. కాసేపు చూసి సెట్ ఆపేస్తాడు. మీటర్ చూస్తే, నేను పంపే పవర్ యాంటెన్నాకు పోకుండా సగం వెనక్కే వస్తోంది.

మధ్యాహ్నం షాపు మూసి మిద్దెక్కి చూస్తే అంతా బ్రహ్మాండం, మీటర్ కూడా సరిగ్గానే ఉంది! పొద్దున మళ్లీ అదే గోల. స్తంభం దించా, ఎత్తా. ప్లగ్గులు మార్చా. పక్కింటి వాళ్ల సోలార్ మీద అనుమానపడి వాళ్లతో తగువు కూడా పెట్టుకున్నా. ఎండకు నెత్తి మాడింది తప్ప తప్పెక్కడుందో దొరకలేదు.

ఎనిమిదో రోజు పొద్దున సెట్ ముందు అరుస్తుంటే, మా ఆవిడ సుజాత మిద్దెమీద నుంచి కేకేసింది. "ఏమయ్యో, పైకి రా ఒకసారి! నీ వైరు స్నానం చేస్తాండాది!"

పోయి చూస్తే నీళ్ల ట్యాంక్ పొంగి పొర్లుతోంది. సెట్ నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్ నేను కట్టింది ఆ ట్యాంక్ స్టాండుకే. కొత్తగా రెండు ముక్కలు కలిపిన అతుకు సరిగ్గా అక్కడే ఉంది. నీళ్లు దిగకుండా దానికి టేపు చుట్టాలని నాకు తెలుసు. మన సీమలో వాన యాడ వస్తాదిలే అని వదిలేశా. పొద్దున మోటర్ వేసేదీ నేనే, సార్ గొంతు వినగానే మరిచిపోయేదీ నేనే. మధ్యాహ్నానికి మన ఎండ ఆ తడిని ఆరబెట్టేస్తోంది. ఇక నాకేం కనిపిస్తుంది?

"రోజూ పొంగుతాదే, నేనే గదా ఆపేది" అంది సుజాత.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు రేడియోలో అరుస్తాంటే ఎవరి మాట వింటావు?"

అతుకు విప్పి, తుడిచి, ఎండబెట్టి, టేపు గట్టిగా చుట్టా.

మర్నాడు నేను పలకగానే అటువైపు నుంచి సార్, "శానా బాగా వినపడతాండావప్పా. గొంతు గురించి అన్నందుకు కోపం పెట్టుకున్నావేమో అనుకుంటి. రోజూ పిలిస్తి" అన్నాడు. కళ్లు మూసుకుని కూర్చోవాల్సిన మనిషిని ఇన్నాళ్లు ఊరికే బాధపెట్టా. జరిగిందంతా చెప్పి, క్షమించమన్నా.

సార్ పకపకా నవ్వాడు. "జేబులో ఫోన్ ఉండాది గదప్పా. ఒక్క ముక్క చెప్తే పోయేది గదా?"

"రేడియో మనిషినై ఉండి, రేడియో చెడిపోయిందని ఫోన్లో ఎట్లా చెప్పేది సార్? సిగ్గేసింది. మరి మీరెందుకు చేయలేదు?"

"నాదీ అదే రోగమప్పా" అన్నాడు సారు.