బుజ్జమ్మ బదులు నేను చదివిన గ్రీకు

ఇరవై రెండేళ్ళ వయసులో ధైర్యం ఎక్కువ, బుద్ధి తక్కువ ఉంటాయంటారు. ఆ రోజుల్లో నాకు రెండూ అంతంతమాత్రమే. ఒక ఏడేళ్ళ పిల్లకు మాత్రం రెండూ పుష్కలంగా ఉండేవి కాబట్టి, ఆ పిల్ల ఆడించినట్టల్లా ఆడేదాన్ని. కడప నుంచి ఒమాన్ వచ్చి, సోహార్‌లో ఒక గ్రీకు ఇంజనీరుగారింట్లో పనికి కుదిరి ఆరేడు నెలలు. వాళ్ళ పిల్లను నేను బుజ్జమ్మ అనేదాన్ని (అసలు పేరు పలకబోతే నాలుక మడతపడేది). బడిలో నేర్చిన ఇంగ్లీషు, నా వెనకాలే తిరుగుతూ పట్టేసిన కడప తెలుగు గడగడా మాట్లాడేది. రానిది ఒక్క గ్రీకే. వాళ్ళ దేశంలో ఉన్న అవ్వతో ఫోనులో నాలుగు ముక్కలు మాట్లాడలేకపోతోందని వాళ్ళమ్మ, అంటే మా మేడం, కుమిలిపోయేది. అందుకని ప్రతి శనివారం ఏథెన్స్ నుంచి ఒక పెద్దావిడ కంప్యూటర్‌లో పాఠం చెప్పేది. మేడం ఆ గంటలో బజారుకు వెళ్ళేది. పిల్ల కుర్చీలోంచి లేవకుండా చూడటం నా డ్యూటీ.

మూడో శనివారం బుజ్జమ్మ కెమెరా ఆపేసి, అది పాడైందని ఇంగ్లీషులో టీచరమ్మకు చెప్పి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "అక్కా, ఆయమ్మ ఏమడిగినా 'నే, కిరియా' అను, సాలు. అవును మేడం అని." నాకు అనుమానమే. హిందీలో 'నై' అంటే కాదని అప్పుడప్పుడే నేర్చుకున్నాను మరి. "మీయమ్మకు తెలిస్తే నన్ను విమానం ఎక్కిచ్చాది," అన్నాను. అప్పటికే అది పెరట్లో పిల్లికూనల దగ్గరికి ఉడాయించింది. గొంతు సన్నం చేసుకుని గంటసేపు నే కిరియా, నే కిరియా అంటూ కూర్చున్నాను. టీచరమ్మ గొంతు వింటే మెచ్చుకుంటున్నట్టే ఉండేది (నా జన్మలో ఏ టీచరూ నన్నంత మెచ్చుకోలేదు). అలా నాలుగు శనివారాలు గడిచాయి.

ఆ మర్నాడు మేడం వంటింట్లోకి పరుగున వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. వాళ్ళ దేశపు పండుగకు మస్కట్‌లో గ్రీకులంతా చేరతారట. అక్కడ పదహారు పంక్తుల పద్యం ఒప్పజెబుతావా అని టీచరమ్మ అడిగితే, బుజ్జమ్మ మారుమాట లేకుండా ఒప్పుకుందట. అవ్వ కూడా తెరమీద చూస్తుందట. నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, ఆమె కళ్ళు చూసి మూసేశాను.

ఇక చదువు మొదలైంది. టీచరమ్మ పంపిన రికార్డింగు విని విని, పద్యమంతా తెలుగక్షరాల్లో రాసుకున్నాను (దీర్ఘాలకూ ఒత్తులకూ మనకేం కొదువ?). జడ వేస్తూ, అన్నం తినిపిస్తూ, ముద్దకో పంక్తి చొప్పున వల్లె వేయించాను.

పండుగనాడు బుజ్జమ్మ నీలం గౌనులో నిలబడి తొమ్మిది పంక్తులు చక్కగా చెప్పి, పదో పంక్తి దగ్గర ఆగిపోయింది. గోడమీది పెద్ద తెరలో టీచరమ్మ ఒక పక్క, అవ్వ ఒక పక్క. తిండి పళ్ళెం పట్టుకుని వెనక నిలబడ్డ నావైపు చూసింది. నా నోరు ఆగలేదు. పదో పంక్తి అదే సన్నగొంతుతో, కడప యాసలో, హాలంతా వినబడేట్టు వచ్చేసింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. బుజ్జమ్మ అక్కడ అందుకుని చివరిదాకా చెప్పేసింది. చప్పట్లు తగ్గాక టీచరమ్మ ఏదో అంటే అందరూ పగలబడి నవ్వారు. మేడం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, వచ్చీరాని హిందీలో టీచరమ్మ మాట చెప్పింది: శనివారం శనివారం తను పాఠం చెప్పే మంచి విద్యార్థిని ఆ వెనకున్న అమ్మాయేనట, ఏమడిగినా కాదనదట.

నా పని అయిపోయిందనుకున్నాను. సోహార్ దాకా కారులో విమానం టికెట్టు ధర లెక్కేసుకుంటూ కూర్చున్నాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి అవ్వ ఫోను. బుజ్జమ్మ గ్రీకులో తడబడుతూ ఏదో చెప్పింది, అవతల అవ్వ నవ్వింది, పిల్ల మళ్ళీ చెప్పింది. మేడం తలుపు పక్కన నిలబడి విన్నంతసేపు విని, వంటింట్లోంచి నేను కూర్చునే కుర్చీ తెచ్చి కంప్యూటర్ ముందు, పిల్ల కుర్చీ పక్కన వేసింది.

ఇప్పుడు నా కూతురు హోంవర్కు ఎగ్గొడితే కడపంతా వినబడేట్టు కేకలేస్తాను. మధ్యలో, కెమెరా ఆపేసి ఉన్నా 'నే కిరియా' అంటూ వంగి వంగి టీచరమ్మకు దండాలు పెడుతున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. నవ్వు కనబడకుండా గోడవైపు తిరిగి మిగతా కేకలు వేస్తాను.